హెచ్ఐవీ ఉన్న బిడ్డను ఇంట్లో పెంచుతున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణిచే మందుల) కేంద్రం వరండాలో బెంచీ మీద అమ్మమ్మలు, నాయనమ్మలు, పిన్నులు, మేనత్తలు అడిగే ప్రశ్నలివి. కొన్ని డాక్టరును అడుగుతారు, చాలావరకు పక్కన కూర్చున్నవారిని అడుగుతారు, ఇంకొన్ని ఎవర్నీ అడక్కుండా మనసులోనే పెట్టుకుని ఇంటికి పోతారు. మోతాదులు ఇక్కడ రాసింది లెక్క మీకు అర్థం కావడానికే. మీ బిడ్డకు ఎంత ఇవ్వాలన్నది చికిత్స పుస్తకంలో డాక్టరు రాసిందే ఖాయం.

ఈ జబ్బున్న పిల్లలు ఎన్నాళ్ళు బతుకుతారు?

మందు సరిగ్గా పడితే మిగతా పిల్లల్లాగే పెరుగుతారు, చదువుకుంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. ఊళ్ళో పెద్దవాళ్ళ భయం 2004కు ముందు చూసిన చావుల నుంచి వచ్చింది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. పిల్లల కోసం విడిగా కార్యక్రమం 2006 నవంబరులో వచ్చింది. 2017 నుంచి సీడీ4 (జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క) ఎంతున్నా, పాజిటివ్ అని తేలిన వెంటనే మందు మొదలుపెడుతున్నారు. అయితే వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. మందు ఉన్నంతకాలం అణిగి ఉంటుంది, ఆపితే కొన్ని వారాల్లోనే మళ్ళీ లేస్తుంది. అందుకే ఇది జీవితకాలం వాడే మందు.

తల్లికి పాజిటివ్. బిడ్డ పుట్టి నెలన్నర. బిడ్డకు ఉందో లేదో ఇప్పుడే తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ మామూలు పరీక్షతో కాదు. పెద్దలకు చేసే పరీక్ష రక్తంలో యాంటీబాడీలను చూస్తుంది. తల్లి యాంటీబాడీలు కడుపులో ఉండగానే బిడ్డకు వస్తాయి, ఏడాదిన్నర దాకా నిలిచి ఉండొచ్చు. బయట ల్యాబులో ఈ పరీక్ష చేయించి పాజిటివ్ అని ఏడ్చినవాళ్ళలో బిడ్డకు అసలు జబ్బే లేనివాళ్ళు ఎందరో. అందుకని 6 వారాలకు వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. మడమ మీద సూదితో గుచ్చి, ప్రత్యేకమైన కాగితం మీద రక్తపు చుక్కలు వేసి, ఆరబెట్టి పంపుతారు. ఆ తర్వాత 6 నెలలకు, 12 నెలలకు, 18 నెలలకు మళ్ళీ పరీక్షలు ఉంటాయి. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు 6 వారాల్లో నెగటివ్ రావడంతోనే లెక్క తేలిపోదు. పాలు మాన్పించాక చేసే పరీక్ష, 18 నెలల పరీక్ష అయ్యాకే చివరి మాట.

ఈలోగా పుట్టినప్పటి నుంచి ఇచ్చే నివారణ సిరప్‌నూ, న్యుమోనియా రాకుండా 6 వారాల నుంచి మొదలయ్యే కాట్రిమాక్సజోల్‌నూ ఆపకూడదు. తల్లి తన మందు క్రమంగా మింగుతుంటే తల్లిపాలు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టవద్దు. నీళ్ళు, తేనె, గ్రైప్ వాటర్, డబ్బాపాలు ఏవీ వద్దు. పాలతోపాటు ఇవి కలిపితే పేగు లోపలి పొర దెబ్బతిని వైరస్‌కు దారి దొరుకుతుంది. చాలా ఇళ్ళలో తేనె చుక్క వేసేది పెద్దావిడే, ఆమె మంచికే అనుకుంటుంది. కాబట్టి ముందుగా ఆమెకే చెప్పండి.

బరువు చూడకుండా మందు ఇవ్వరా? ప్రతిసారీ బిడ్డను తీసుకురమ్మంటారేం?

పెద్దవాళ్ళ మోతాదు ఏళ్ళ తరబడి ఒకటే. పిల్లల మోతాదు బరువు మీద ఆధారపడి ఉంటుంది, బరువేమో కదులుతూనే ఉంటుంది. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలకు ఇచ్చే డోలుటెగ్రావిర్ 10 మి.గ్రా. కరిగే మాత్రనే చూడండి. 3 కిలోల నుంచి 6 కిలోల లోపు అయితే సగం మాత్ర. 6 నుంచి 10 లోపు ఒకటిన్నర. 10 నుంచి 14 లోపు రెండు. 14 నుంచి 20 లోపు రెండున్నర. 20 కిలోలు వచ్చాక 50 మి.గ్రా. పెద్ద మాత్ర ఒకటి. దీనితోపాటు అబాకవిర్, లామివుడిన్ కలిసిన మాత్ర ఉంటుంది, దాని లెక్క వేరు. పదేళ్ళు దాటి, 30 కిలోలు వచ్చాక పెద్దవాళ్ళకిచ్చే ఒకే మాత్రకు మార్చుతారు.

13 కిలోల పాప దసరాకు 14 కిలోలైంది అనుకోండి. అమ్మమ్మ ఒక్కతే వచ్చి పాత చీటీ మీద మందు తీసుకుపోతే సంక్రాంతి దాకా పాపకు రెండు మాత్రలే పడతాయి. తక్కువ మోతాదులో వైరస్ చావదు, మందుకు అలవాటు పడుతుంది. అలా అలవాటు పడ్డాక ఆ మందు ఇక పనిచేయదు. బిడ్డను తీసుకురావడం కుదరనప్పుడు అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో తూకం వేయించి, తేదీతో కాగితం మీద రాయించి తేండి.

ఇంకో మాట. 10 మి.గ్రా. కరిగే మాత్రలు ఐదు కలిపితే 50 మి.గ్రా. పెద్ద మాత్రకు సమానం అనుకుంటారు. కాదు. కరిగే మాత్ర ఒంటికి ఎక్కువగా పడుతుంది, ఆ లెక్కన ఐదంటే మోతాదు మించిపోతుంది. ఒకటి అయిపోయిందని రెండోదానితో సర్దకండి.

కరిగే మాత్ర ఎలా ఇవ్వాలి?

ముందు చేతులు కడుక్కోండి. చిన్న గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళు 10 మి.లీ. పోయండి, అంటే రెండు టీస్పూన్లు. డోలుటెగ్రావిర్, అబాకవిర్ మాత్రలు రెండూ ఒకే నీళ్ళలో వేయొచ్చు. చెంచాతో ఉండలు లేకుండా కలపండి, అరగంట లోపల తాగించండి. తర్వాత అదే గిన్నెలో ఇంకో చెంచా నీళ్ళు పోసి, అంచులకు, అడుగున అంటిన తెల్లటి మడ్డిని కడిగి అది కూడా తాగించండి. చాలామంది తప్పేది ఈ చివరి చెంచా దగ్గరే. ఆ మడ్డిలోనూ మందు ఉంది. పాలలో, టీలో, జ్యూసులో కలపకండి. చంటిబిడ్డకు సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా పోయండి, గొంతులోకి చిమ్మకండి.

సగం మాత్ర వచ్చేచోట గీత దగ్గర రెండు బొటనవేళ్ళతో విరవండి, కత్తి అక్కర్లేదు. మిగిలిన సగం డబ్బాలోనే వేసి మర్నాడు వాడండి. డబ్బాలో చిన్న పొట్లం లాంటిది ఉంటుంది, చెమ్మ పీల్చడానికి. అదేదో తినేదని తీసేయడం, లేదా పారేయడం రెండూ జరుగుతుంటాయి. దాన్ని అలాగే ఉంచండి. మూత గట్టిగా బిగించండి. పొయ్యి పక్కన, ఫ్రిజ్ మీద, కిటికీలో ఎండ తగిలే చోట పెట్టకండి. చీర మడతల మధ్య, బీరువా పై అరలో పెడితే వేడీ చెమ్మా తగలవు, ఎవరి కంటా పడదు.

లోపినావిర్, రిటోనావిర్ కలిసిన మాత్ర ఇచ్చి ఉంటే అది ఈ కోవలోది కాదు. దాన్ని నలపకూడదు, కరిగించకూడదు, పగలగొట్టకూడదు.

ఏ టైముకు ఇవ్వాలి? ఎంత ఖచ్చితంగా ఉండాలి?

రోజూ ఒకే సమయం. ఏదో ఒక పనికి ముడిపెట్టుకోండి, మీ ఇంట్లో తప్పకుండా జరిగేదానికి. రాత్రి అన్నం కంచాలు తీశాక, లేదా పొద్దున పళ్ళు తోమాక. "ఎనిమిదింటికి" అంటే గడియారం చూడాలి, "కంచాలు తీశాక" అంటే గుర్తుంటుంది. కొందరు పిల్లలకు ఈ మందుతో రాత్రి నిద్ర పట్టదు, అలాంటప్పుడు డాక్టరును అడిగి పొద్దుటికి మార్చుకోండి.

నెలకు 30 డోసులు. వాటిలో రెండు తప్పినా ఆ నెల లెక్క పాడైనట్టే. అయితే ఇళ్ళలో డోసు తప్పేది మరుపు వల్ల మాత్రమే కాదు, మందిచ్చే చెయ్యి మారినప్పుడు ఎక్కువగా తప్పుతుంది. అమ్మమ్మ కోతలకు పోయింది, పిన్ని ఇచ్చిందనుకుంది. పిన్నేమో అమ్మమ్మ ఇచ్చే పోయిందనుకుంది. పెళ్ళికి వెళ్ళారు, డబ్బా సంచిలో ఉంది, చుట్టాల ముందు తీయడానికి మొహమాటం. అందుకే ఇద్దరిని ముందే అనుకోండి. ఒకరు రోజూ ఇచ్చేవారు, ఇంకొకరు ఆమె లేనప్పుడు ఇచ్చేవారు. గోడ క్యాలెండరులో మందు పడ్డాకే ఆ తేదీ మీద గీత గీయండి. ఇచ్చే ముందు గీస్తే ఆ గీత అబద్ధమాడుతుంది.

చూపు ఆనని అవ్వలకు ఒక ఉపాయం. పొద్దున మందు డబ్బాకు పసుపు దారం, రాత్రి మందుకు నల్ల దారం కట్టండి. ఆవిడకు షుగరు, బీపీ మాత్రలు కూడా ఉంటే ఆ డబ్బాలు వేరే గదిలో ఉండాలి.

మందు తాగిన వెంటనే కక్కేసింది. మళ్ళీ ఇవ్వాలా?

అరగంట లోపల కక్కితే మళ్ళీ పూర్తి డోసు ఇవ్వండి. అరగంట దాటితే అక్కర్లేదు. రోజూ కక్కుతుంటే మందు మానకుండా కేంద్రానికి ఫోన్ చేయండి.

డోసు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే ఇవ్వండి. రోజుకొక్కసారి ఇచ్చే మందయితే, తర్వాతి డోసుకు నాలుగు గంటలే మిగిలి ఉంటే దాన్ని వదిలేసి మామూలు టైముకు ఇవ్వండి. రెండు డోసులు కలిపి మాత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు. చుట్టాలు వచ్చి పోయాక, జాతర అయ్యాక నాలుగు రోజులు తప్పిపోయిందంటే దాచకండి. కౌన్సెలర్ తిడతారేమోనని "అన్నీ వేశాం" అని చెప్పే ఇళ్ళకే తర్వాత వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) ఎక్కువగా ఉన్న రిపోర్టు చేతికి వస్తుంది.

బడిలో ఇనుము మాత్రలు ఇస్తున్నారు. విరేచనాలకు జింకు ఇచ్చారు. వీటితో ఇబ్బందా?

చాలామందికి తెలియని చోటు ఇది. డోలుటెగ్రావిర్‌ను ఇనుము, కాల్షియం, జింకు, కడుపు మంటకు తాగే తెల్లటి మందు కడుపులోనే పట్టేస్తాయి, అది రక్తంలోకి పోదు. ఈ మాత్రలకు రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత డోలుటెగ్రావిర్ ఇవ్వాలి. ఇనుము, కాల్షియం మాత్రలు అయితే అన్నంతో కలిపి, డోలుటెగ్రావిర్‌తోపాటే వేసినా ఫర్వాలేదు.

బడిలో చిన్న పిల్లలకు గులాబీ రంగు, పెద్ద పిల్లలకు నీలం రంగు ఇనుము మాత్ర మధ్యాహ్న భోజనం తర్వాత ఇస్తారు. మీరు ఏఆర్‌టీ పొద్దున ఎనిమిదికి ఇస్తే మధ్యాహ్నం ఒంటిగంట ఇనుముకు ఐదు గంటల ముందు పడినట్టు. రాత్రి ఎనిమిదికి ఇస్తే ఏడు గంటల తర్వాత పడినట్టు. రెండూ సరే. సాయంత్రం నాలుగింటికి, బడి నుంచి రాగానే ఇచ్చే ఇళ్ళకే చిక్కు. జింకు 14 రోజులు ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి అప్పుడు కూడా ఇదే లెక్కన దూరం పాటించండి. ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, మందుల షాపుకు వెళ్ళినా ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి.

మందు మొదలుపెట్టాక ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం. మందు పడలేదా?

మందు మొదలైన మొదటి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు, దగ్గు కలిసి వచ్చి, ప్రతి డోసు తర్వాతా ఇంకాస్త ముదురుతుంటే అబాకవిర్ పడకపోవడం కావచ్చు. అదే రోజు కేంద్రానికి ఫోన్ చేయండి, బిడ్డను చూపించండి. మీ అంతట మీరు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. అబాకవిర్ పడలేదని డాక్టరు తేల్చి ఆపితే ఇక జన్మలో ఆ మందు వేయకూడదు, రెండోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

కాట్రిమాక్సజోల్‌తో దద్దుర్లు వచ్చి, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడడం కూడా తోడైతే ఆ మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మరో రకం ఉంది. మందు బాగా పనిచేస్తున్నందుకే కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు జ్వరం వచ్చి, మెడలో గడ్డలు లేస్తాయి. లోపల దాక్కున్న టీబీ మీద, కోలుకుంటున్న ఒళ్ళు విరుచుకుపడుతుందన్నమాట. బీసీజీ వేసిన చేతి చంకలో గడ్డ కూడా రావచ్చు. "ఈ మందు వేడి చేసింది" అని ఆపేసి నాటుమందుకు తిరిగే ఇళ్ళు ఇక్కడే దెబ్బతింటాయి. మందు ఆపకండి, బిడ్డను చూపించండి.

జబ్బు లేకపోయినా కాట్రిమాక్సజోల్, టీబీ మాత్ర ఎందుకు?

కాట్రిమాక్సజోల్ ఒక ప్రాణాంతక న్యుమోనియా రాకుండా కాపు. సీడీ4 బాగా పెరిగాక డాక్టరే ఆపుతారు. ఏడాది దాటిన పిల్లలకు టీబీ లక్షణాలు లేకపోతే 6 నెలలు ఐసోనియాజిడ్ ఇస్తారు, దానితోపాటు బి6 మాత్ర. కేంద్రానికి వెళ్ళినప్పుడల్లా నాలుగు అడుగుతారు. దగ్గుందా, జ్వరముందా, బరువు పెరగడం లేదా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా. నాలుగోదానికి "లేదు" అనే ముందు పక్క గదిలో దగ్గుతున్న తాతను గుర్తు తెచ్చుకోండి. టీబీ వచ్చి దానికి మందు మొదలైతే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేయాల్సి వస్తుంది, కాబట్టి టీబీ మందు ఎక్కడ తీసుకున్నా ఏఆర్‌టీ డాక్టరుకు చెప్పాలి.

ఏం పెట్టాలి? బలం మందులు కొనాలా?

డబ్బాల బలం పొడులు అక్కర్లేదు. జబ్బు లక్షణాలు లేకపోయినా మామూలు బిడ్డకన్నా పదోవంతు ఎక్కువ తిండి కావాలి. జబ్బు పడి లేస్తున్నప్పుడు ఐదోవంతు నుంచి మూడోవంతు దాకా ఎక్కువ. అంటే రోజూ తినేదానికి పైన ఇంకో గుడ్డు, లేదా గుప్పెడు వేరుశనగ చిక్కీ, లేదా చెంచా నెయ్యి వేసిన పప్పన్నం ముద్ద. రాగిజావలో పాలు, బెల్లం కలపండి. ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పిల్లాడి కంచంలోకి రావాలి, గేదె కుడితిలోకి కాదు. పచ్చి గుడ్డు, మూత లేకుండా ఈగలు ముసిరిన మిక్చరు, రాత్రి మిగిలిపోయిన చికెన్ వద్దు. నోట్లో తెల్లటి పూత వస్తే కారం మింగలేక తిండి మానేస్తారు. బిడ్డ హఠాత్తుగా తినడం మానేస్తే ముందుగా నోరు తెరిచి చూడండి.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి?

ఏమీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, మూర్ఛ, మత్తుగా పడి ఉండడం. డొక్కలెగరేయడం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ 40 సార్లు లేదా అంతకన్నా ఎక్కువగా ఊపిరి తీయడం. ఇవి కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు పొట్ట మీద చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేస్తే చంటిబిడ్డల్లో తప్పుతుంది.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపండి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అనే అంచనాలు వద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.

ఒకే కంచంలో తినొచ్చా? మిగతా పిల్లలతో పడుకోబెట్టొచ్చా?

తినొచ్చు, పడుకోబెట్టొచ్చు, ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టొచ్చు. ఉమ్ము, కన్నీళ్ళు, చెమట, దోమ, మరుగుదొడ్డి, ఈత వీటితో రాదు. విడిగా గ్లాసు పెట్టడం జబ్బును ఆపదు. బిడ్డకు మాత్రం అది జీవితాంతం గుర్తుండిపోతుంది.

జాగ్రత్త రక్తంతోనే. టూత్‌బ్రష్, బ్లేడు, గోళ్ళు కత్తిరించేది బిడ్డకు విడిగా ఉండాలి. గాయం తగిలితే చేతికి గ్లవ్ కానీ శుభ్రమైన పాలిథీన్ కవరు కానీ తొడుక్కుని, నీళ్ళు సబ్బుతో కడిగి, కట్టు కట్టండి. నేల మీది రక్తాన్ని పాత గుడ్డతో తుడిచి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు ఆగి కడగండి. బ్లీచ్ నీళ్ళు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. రక్తం అంటిన సూదో బ్లేడో గుచ్చుకుంటే గాయాన్ని పిండకండి, నోట్లో పెట్టుకోకండి, నీళ్ళ కింద సబ్బుతో కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. నివారణ మందు రెండు గంటల లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు, 28 రోజులు మింగాలి.

వైరల్ లోడ్ ఎక్కువ వచ్చిందన్నారు. మందు మార్చేస్తారా?

వెంటనే మార్చరు. చికిత్స మొదలయ్యాక 6 నెలలకు, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి ఈ పరీక్ష ఉంటుంది. 1000 కన్నా తక్కువైతే వైరస్ అణిగి ఉన్నట్టు. దాటితే కౌన్సెలర్ కూర్చోబెట్టి ఎక్కడ తప్పుతోందో వెతుకుతారు, మూడు నెలలు సరిగ్గా వేయించి మళ్ళీ పరీక్షిస్తారు. అప్పటికీ దిగకపోతేనే మందు మార్చే ఆలోచన.

ఇంట్లోనే ముందు లెక్క చూసుకోండి. 16 కిలోల బిడ్డకు రోజుకు రెండున్నర మాత్రల చొప్పున నెలకు 75 కావాలి. 90 మాత్రల డబ్బా 36 రోజులకు అయిపోవాలి. 36వ రోజున డబ్బాలో 20 మిగిలాయంటే ఎనిమిది డోసులు ఎక్కడో పోయాయి. లెక్క సరిగ్గానే ఉండి లోడ్ ఎక్కువొస్తే మోతాదు పాత బరువుది కావచ్చు, లేదా ఇనుమో జింకో దగ్గరగా పడుతుండొచ్చు. మంచం కింద, అన్నం కింద, పూలకుండీలో కూడా చూడండి. పదేళ్ళ పిల్లలు నోట్లో దాచి ఉమ్మడంలో మనకన్నా తెలివైనవారు.

టీకాలు వేయించొచ్చా?

వేయించాలి. అయితే రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉన్నప్పుడు బీసీజీ, తట్టు లాంటి సజీవ టీకాలు వాయిదా వేస్తారు. టీకా కార్డు ఏఆర్‌టీ డాక్టరుకు ఒకసారి చూపించి వెళ్ళండి.

బిడ్డకు ఎప్పుడు చెప్పాలి? ఎలా చెప్పాలి?

ఐదారేళ్ళ నుంచే కొద్దికొద్దిగా. పదీ పన్నెండేళ్ళకల్లా పేరుతో సహా. ఆరేళ్ళ బిడ్డకు ఇంతే చాలు: "నీ ఒంట్లో నిన్ను కాపాడే సిపాయిలున్నారు. వాళ్ళకు బలం ఈ మందు." ఎనిమిదీ తొమ్మిదేళ్ళప్పుడు: "నీ రక్తంలో ఒక చిన్న క్రిమి ఉంది. మందు దాన్ని నిద్రపుచ్చుతుంది. మందు మానితే లేస్తుంది. ఇది పుట్టినప్పటి నుంచీ ఉంది, నీ తప్పేం లేదు." తర్వాత పేరు.

"దగ్గు మందు", "గుండెకు బలం" అని చెప్పినవాళ్ళకు దగ్గు తగ్గాక ఏం చెప్పాలో తోచదు. పిల్లలు ఇప్పుడు డబ్బా మీద అక్షరాలను ఫోనులో కొట్టి చూసుకుంటారు. పక్కింటావిడ నోటి నుంచో, తిట్టు రూపంలోనో తెలిసిన బిడ్డ మందూ మానేస్తుంది, మాటా మానేస్తుంది. మొదటి ప్రశ్న తరచుగా "అమ్మ వల్ల వచ్చిందా?" అనే వస్తుంది. తల్లి బతికున్నా, పోయినా, జవాబు ఒకటే: "అమ్మకు తెలియకుండా ఆమెకు వచ్చింది. ఆమెకు తెలియకుండానే నీకు వచ్చింది." ఆపైన తండ్రి మీద, వాళ్ళ వంశం మీద తీర్పులు ఆ పూటకు వద్దు. పరీక్షల ముందు, పండగ రోజు, కోపంలో ఉన్నప్పుడు చెప్పకండి. చెప్పాక వారం రోజులు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. కేంద్రంలో కౌన్సెలర్ ముందు చెప్పించడం కూడా మంచి దారే.

బడిలో చెప్పాలా?

చట్టం ప్రకారం చెప్పాల్సిన పని లేదు. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. జబ్బు ఉందని బడిలో చేర్చుకోకపోవడం, వేరుగా కూర్చోబెట్టడం, చేర్చుకోవడానికి పరీక్ష చేయించుకు రమ్మనడం నేరుగా ఈ చట్టానికి విరుద్ధం. ఎవరి జబ్బు సంగతైనా అనుమతి లేకుండా బయటపెట్టకూడదు కూడా. ఫిర్యాదు చేయాలంటే రాష్ట్ర అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) ఉంటారు. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఉచితంగా ఫోన్ చేసి దారి అడగొచ్చు.

రోజుకొక్కసారి మందు కాబట్టి బడి వేళల్లో ఇవ్వాల్సిన పని పడదు. హాస్టల్ అయితే వేరు. మందు ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తారు అన్నది చేర్చే రోజే తేల్చుకోవాలి. వార్డెన్ నమ్మదగినవారైతే ఒక్కరికి చెప్పండి, ఒక్కరికే. డబ్బా మొత్తం ట్రంకుపెట్టెలో తాళం వేసి, రెండు మూడు రోజుల మాత్రలు చిన్న డబ్బీలో పెట్టుకునేలా నేర్పండి. వానాకాలంలో కరిగే మాత్రలు బయట డబ్బీలో చెమ్మకు పాడవుతాయి, వాటిని అసలు డబ్బాలోనే ఉంచాలి.

పదిహేనేళ్ళొచ్చాయి. మింగనని మొండికేస్తున్నాడు.

ఈ వయసులో మొండితనం వెనక ఎక్కువగా ఉండేది విసుగు, లేదా "నాకే ఎందుకు" అన్న కోపం. తిట్టి, "చచ్చిపోతావు" అని భయపెట్టి ఒక వారం మింగించవచ్చు, రెండో వారం నుంచి దాచి పారేస్తాడు. పెద్దల మాత్ర ఒక్కటే అయితే దానికి మారే వీలుందా అని డాక్టరును అడగండి. మందు పని అతని చేతికే ఇవ్వండి, మీరు చూసేది వారానికోసారి మిగిలిన మాత్రల లెక్కే. అదే వయసు పిల్లలతో కేంద్రంలో కలిసే వీలుంటే పంపండి. ప్రేమ, పెళ్ళి, కండోమ్ మాటలు కూడా ఈ వయసులోనే. మందు క్రమంగా వాడి, వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గితే శృంగారం ద్వారా వేరేవారికి సోకదని అతనికి తెలియాలి. చాలామంది పిల్లలు "నాకు పెళ్ళెలా అవుతుంది" అన్న బాధతోనే మందు వదిలేస్తారు.

పనికోసం హైదరాబాదో బెంగళూరో పోతున్నాం.

వెళ్ళే ముందు కేంద్రంలో చెప్పి బదిలీ కాగితం రాయించుకోండి, చికిత్స పుస్తకం వెంట తీసుకెళ్ళండి. దేశంలో ఏ ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలోనైనా మందు ఉచితమే. కొద్దిరోజులకే వెళ్తుంటే ఎక్కువ నెలల మందు అడగండి. స్థిరంగా ఉన్నవారికి మూడు నెలలది ఇస్తారు, బరువు త్వరగా మారే చిన్న పిల్లలకు తక్కువ ఇవ్వొచ్చు. చెప్పకుండా వెళ్ళి, మందు అయిపోయాక వెతుక్కునేవారికే ఎక్కువ రోజులు ఖాళీ వస్తుంది. ఇక సొంత రాష్ట్రంలో కేంద్రానికి వెళ్ళడానికైతే తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. గుర్తింపు కార్డు మర్చిపోకండి.

డబ్బు సాయం ఏమైనా ఉందా? గార్డియన్ ఎవరు అవ్వాలి?

రెండు రాష్ట్రాల పింఛన్లలో ఏఆర్‌టీ వాడేవారికి ఒక విభాగం ఉంది, అర్హత కాగితం కేంద్రంలోనే ఇస్తారు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. దారి తెలియకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, బిడ్డ పుట్టిన తేదీ పత్రం, ఆధార్, పట్టాదారు పుస్తకం నకలు ఒక్కచోట పెట్టండి. బిడ్డ పొలాన్ని "చూసుకుంటాం" అని ముందుకొచ్చే బంధువులు ఉంటారు. పేరు మార్పిడి కాగితం మీద సంతకం పెట్టే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సలహా అడగండి. పెద్దవాళ్ళు ఎవరూ లేని ఇళ్ళ కోసం 2017 చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: 12 ఏళ్ళు నిండి, 18 లోపు ఉన్న అక్క లేదా అన్న, ఇంటి బాధ్యత మోయగలిగిన పరిణతి ఉంటే, తమ్ముడికో చెల్లెలికో బడిలో చేర్చడానికి, చికిత్సకు, బ్యాంకు ఖాతాకు గార్డియన్‌గా ఉండొచ్చు.

నాకు డెబ్భై ఏళ్ళు. నేను పడిపోతే వీడి మందు ఎవరు చూస్తారు?

ఒక కాగితం మీద ఇవి రాసి డబ్బా పక్కన పెట్టండి: బిడ్డ పేరు, బరువు, తూచిన తేదీ. ప్రతి మాత్ర పేరు, ఎన్ని, ఏ పూట. పడని మందు ఉంటే దాని పేరు. కేంద్రం, కౌన్సెలర్ ఫోన్ నంబర్లు. తర్వాత కేంద్రానికి వెళ్ళాల్సిన తేదీ. రెండో చేతిగా ఎవరిని అనుకున్నారో ఆమెను ఒకసారి కేంద్రానికి మీతో తీసుకెళ్ళి కౌన్సెలర్‌కు చూపించండి. మీరుండగానే ఒక పది రోజులు ఆమెతోనే ఇప్పించండి, ఆ చివరి చెంచా నీళ్ళతో సహా.